సగంలో ఆగినవాళ్లకు ఏం మిగులుతుంది? శ్రీలంక చారిత్రక కొండల్లో మీ గుంపుకు ఏది నప్పుతుంది

శ్రీలంకకు గుంపుగా బయల్దేరే మనవాళ్లలో ఎవరెవరుంటారో ఊహించడం కష్టం కాదు. రోజూ పొద్దున్నే పరుగెత్తే కుర్రాడొకడు, "అలిపిరి మెట్లన్నీ నడిచే ఎక్కాను, నాకేంటి" అనే పెద్దమ్మ, మోకాలికి బెల్టు పెట్టుకుని ఆ సంగతి ఎవరికీ చెప్పని బాబాయి, పావుగంటకోసారి "ఇంకా ఎంతదూరం" అని అడిగే పిల్లలిద్దరు. ప్లాన్ వేసేది మాత్రం ఎప్పుడూ ఆ పరుగెత్తే కుర్రాడే. అతను ఫొటోలు చూసి వేస్తాడు. ఫొటోలన్నీ కొండకొన మీద తీసినవే ఉంటాయి. దాంతో గుంపులో సగం మంది చూడలేని చోటు కోసం గుంపంతా బయల్దేరుతుంది.

అందుకే కొండ ఎంత ఎత్తు, మెట్లెన్ని అన్నవి నేను రెండో వరసలో పెడతాను. ముందు అడిగేది ఇంకొకటి. సగంలో ఆగిపోయినవాళ్లకు అక్కడ ఏం మిగులుతుంది? కూర్చోడానికి నీడ ఉందా, చూడ్డానికి ఏమైనా ఉందా, మిగతావాళ్లు దిగొచ్చేదాకా వాళ్ల పొద్దు గడుస్తుందా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే శ్రీలంకలో పేరున్న కొండల వరస చాలావరకు తారుమారైపోతుంది. నేను తిరిగిన ఏడెనిమిది చోట్లను ఆ లెక్కలోనే పోలుస్తాను.

సిగిరియా, దాని ఎదురుగా పిదురంగల

మొదటి తగవు ఎప్పుడూ వీటి మధ్యే. ఒక కొండ ఎక్కితే రెండోది కనిపిస్తుంది. సిగిరియా టికెట్ విదేశీయులకు 30 డాలర్లు దాటిపోయింది. సార్క్ దేశాలవాళ్లకు తగ్గింపు ఉంది కానీ పాస్‌పోర్ట్ చూపించాలి, హోటల్ గదిలో వదిలేసి వెళ్తే పూర్తి ధర కట్టాల్సిందే. పిదురంగలకు ఇచ్చేది అందులో చిన్న వంతు. దాంతో "సిగిరియాను పిదురంగల మీంచి చూస్తే చాలదా" అనే సలహా బాగా తిరుగుతోంది. నలుగురు కుర్రాళ్లు వెళ్తే నేనూ అదే చెబుతాను. ఇంటిల్లిపాదీ వెళ్తే మాత్రం చెప్పను.

పిదురంగలలో దారి కింద ఉన్న గుడి దగ్గర మొదలవుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకుని గుడి ఆవరణ దాటాక అడవిలో మెట్లు. అరగంట, ముప్పావుగంట ఎక్కితే ఇటుకలతో కట్టిన పడుకున్న బుద్ధుడి విగ్రహం వస్తుంది. అంతవరకూ ఎవరైనా ఎక్కొచ్చు. అక్కణ్నుంచి పైకి మెట్లు లేవు, పెద్ద పెద్ద బండలే. చేతులు ఆనించి, మోకాలు పైకి లాక్కుని, ముందున్నవాళ్లు చెయ్యి అందిస్తే ఎక్కాలి. దూరం తక్కువే, కానీ ఆ కొండ మీద చూడాల్సిందంతా ఆ చివరి పది నిమిషాల తర్వాతే ఉంది. సూర్యోదయానికని చీకట్లో వెళ్తే ఆ బండల సందులో జనం బారు కడతారు. మేం పదకొండు మందిమి వెళ్లినప్పుడు ఇద్దరు అక్కడే ఆగిపోయారు. పైనున్న మాకు బంగారు రంగు సిగిరియా, కిందున్న వాళ్లకు చీకటి, దోమలు, ముప్పావుగంట ఎదురుచూపు. ఆ విషయంలో వాళ్లు మమ్మల్ని ఇంకా పూర్తిగా క్షమించలేదు.

సిగిరియా తీరు వేరు. ఈ కొండ పెద్దవాళ్లకు కుదరదని అందరూ అనేస్తారు, కానీ ఎక్కేకొద్దీ ఏదో ఒకటి చూపిస్తూనే ఉంటుంది. గేటు దాటగానే చదునైన నేల మీద నీటి తోటలు, ఆ తర్వాత బండల మధ్య తోటలు, గుహలు. ఒక్క మెట్టూ ఎక్కకుండానే గంటసేపు తిరగొచ్చు. సగం ఎత్తులో మెలికల మెట్లెక్కితే గోడ మీద వర్ణచిత్రాల్లో స్త్రీలు. అక్కడ ఫొటోలు తీయనివ్వరు, కాబట్టి కళ్లతోనే చూడాలి, అదే మేలు కూడా. వాటి పక్కనే అద్దం గోడ. అప్పట్లో అది అద్దంలా మెరిసేదట. ఆ గోడ మీద శతాబ్దాల పాటు వచ్చినవాళ్లు చిన్న చిన్న పద్యాలు గీకిపోయారు, ఎక్కువగా పైనున్న ఆ స్త్రీల అందం గురించే. పురావస్తు పండితుడు సెనరత్ పరణవితాన వాటిలో 685 పద్యాలను చదివి 1956లో ప్రచురించాడు. మనలాగే ఆయాసపడుతూ ఎక్కొచ్చి, కాసేపు నిలబడి, ఓ మాట రాసిపోయినవాళ్లు వాళ్లు. ఇప్పుడు మాత్రం గోడ మీద గోరు ఆనించినా నేరమే.

ఇంకాస్త పైకి వెళ్తే సింహం పంజాల మెట్టు. ఒకప్పుడు ఇటుకలతో కట్టిన పెద్ద సింహం నోట్లోంచి దారి పైకి వెళ్లేది. ఇప్పుడు పంజాలే మిగిలాయి. అక్కణ్నుంచి కొండకు ఆనించిన ఇనప మెట్లెక్కితే కొనమీద కోట పునాదులు, చెరువులు. ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఆ పంజాల దగ్గరే ఆగిపోయినా సిగిరియాలో ముఖ్యమైనవన్నీ చూసేసినట్టే. వాళ్లకు తప్పిపోయేది గాలి, దూరపు పచ్చదనం, ఇటుక పునాదులు.

కథ కూడా కింద ఉండగానే చెప్పుకోవాలి, పైన ఆయాసంలో ఎవరూ వినరు. తండ్రి ధాతుసేనుణ్ని చంపించి సింహాసనమెక్కిన కాశ్యపుడు, అసలు వారసుడైన తమ్ముడు మొగ్గల్లానుడు సైన్యంతో తిరిగొస్తాడన్న భయంతో ఈ కొండ మీద కోట కట్టుకున్నాడని లంక రాజుల పాత చరిత్ర గ్రంథం మహావంశ కథనం. క్రీ.శ. 477 నుంచి 495 దాకా ఏలాడు. తమ్ముడు భారతదేశం నుంచి సైన్యంతో రానే వచ్చాడు, యుద్ధంలో కాశ్యపుడు తన ప్రాణం తనే తీసుకున్నాడు. అయితే ఇది కోటే కాదు, బౌద్ధ ఆరామమని వాదించినవాళ్లూ ఉన్నారు. శ్రీలంక పురావస్తు కమిషనర్‌గా చేసిన రాజా డి సిల్వా వాళ్లలో ఒకరు. గుంపులో వాదించుకునేవాళ్లుంటే దిగేదాకా ఈ ఒక్క విషయం చాలు.

సిగిరియాకు పెద్ద చిక్కు జనం. మెట్ల మీద అందరూ ఒకే వరసలో కదులుతారు. మీరు ఆగితే వెనక వంద మంది ఆగుతారు. ఆ మొహమాటానికి పెద్దవాళ్లు ఆగాల్సిన చోట ఆగకుండా ఎక్కేస్తారు, ఆయాసం అక్కడే ముదురుతుంది. దీనికి గేటు తెరిచేసరికి అక్కడ ఉండటమే మందు. రెండో చిక్కు కందిరీగలు. కొండ అంచుల్లో వాటి తుట్టెలున్నాయి, "నిశ్శబ్దం" అని బోర్డులూ పెట్టారు. ఆ బోర్డు చూసి నవ్వుకుంటూ కేకలేసేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. వాళ్ల చేతికి బరువైన సంచి ఇవ్వండి, ఆయాసంలో నోరు దానంతటదే మూతపడుతుంది.

మిహింతలే: నా ఓటు దీనికే

అన్ని వయసులవాళ్లూ ఉన్న గుంపుకు ఒక్కటే ఎంచుకోమంటే నేను మిహింతలే అంటాను. అనురాధపురానికి తూర్పున పన్నెండు పదమూడు కిలోమీటర్లు. 1,840 మెట్లు అనగానే గుండె గుభేలుమంటుంది కానీ, అవి వెడల్పైన గ్రానైట్ మెట్లు. వాలు మెల్లగా ఉంటుంది, రెండు పక్కలా దేవగన్నేరు చెట్ల నీడ. పైగా సగం ఎత్తు దాకా వాహనం వెళ్లే దారి వేరే ఉంది. మోకాళ్ల నొప్పులవాళ్లు వ్యానులో పైకొచ్చి, నడిచొచ్చినవాళ్లతో కలవొచ్చు. ఈ వీలు మిగతా కొండల్లో చాలావాటికి లేదు.

అశోకుడి కొడుకు మహేంద్రుడు లంకకు బౌద్ధాన్ని తెచ్చింది ఇక్కడికేనని ద్వీపవాసుల నమ్మకం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో, పోసన్ పున్నమి నాడు, జింకను తరుముతూ వచ్చిన రాజు దేవానాంపియ తిస్సుడు ఈ కొండ మీద భిక్షువును చూశాడు. ధర్మం చెప్పేముందు రాజు బుర్ర ఎలాంటిదో చూద్దామని మహేంద్రుడు ప్రశ్నలు వేశాడు. ఈ చెట్టేమిటి? మామిడి. ఇది కాక ఇంకా మామిళ్లున్నాయా? చాలా ఉన్నాయి. ఈ మామిడి, ఆ మామిళ్లు కాక వేరే చెట్లున్నాయా? ఉన్నాయి, అవి మామిళ్లు కావు. ఆ మామిళ్లూ, ఆ వేరే చెట్లూ కాక ఇంకేమైనా చెట్టుందా? ఉంది స్వామీ, ఈ మామిడి చెట్టు. రాజు పాసయ్యాడు. మెట్లెక్కేటప్పుడు పిల్లల చేత ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడిగిస్తే రెండు వందల మెట్లు తెలియకుండా గడిచిపోతాయి. ఆ కలుసుకున్న చోట కట్టిన స్తూపం పేరే అంబస్తల, మామిడి చోటు.

సగంలో ఆగినవాళ్లకు ఇక్కడున్నంత సరుకు ఇంకెక్కడా లేదు. కొండ పాదంలోనే పురాతన వైద్యశాల శిథిలాలున్నాయి. మనిషి పడుకునేంత తొట్టిని, అందులోని గొయ్యి కూడా మనిషి ఆకారంలోనే ఉండేలా ఒకే రాతిలో తొలిచారు, రోగులను మందునూనెల్లో పడుకోబెట్టడానికట. మొదటి మెట్ల వరస తర్వాత కుడివైపు కంటక చేతియం అనే స్తూపం, దాని వాకిళ్ల మీద చెక్కడాలు. ఇంకొంచెం పైన భిక్షువుల భోజనశాల, అన్నం పోసే పొడవాటి రాతి తొట్లు. అక్కడే రెండు పెద్ద శిలాశాసనాలు. 10వ శతాబ్దంలో నాలుగో మహేంద్రుడనే రాజు వేయించినవి. ఆరామంలో ఎవరు ఏ పని చెయ్యాలి, ఎవరికెంత కూలి ఇవ్వాలన్న లెక్క వాటిలో ఉంది. వెయ్యేళ్ల కిందటి ఆఫీసు సర్క్యులర్ అన్నమాట. మా బాబాయి రిటైరయింది అకౌంట్స్‌లో. ఆ రాళ్ల ముందు ఆయన్ను వదిలేసి మేం పైకెళ్లి వచ్చినా ఆయనకు తెలియలేదు.

పైన మూడు దారులు. తెల్లటి మహాసేయ స్తూపం వైపు మెట్లు తేలికే. ఆరాధన గల అనే నిటారు బండకు రాతిలో చెక్కిన మెట్లు, కమ్మీలు ఉన్నాయి. గాలి గట్టిగా వీస్తే పిల్లల్ని వదలకండి. మహేంద్రుడు పడుకున్నాడని చెప్పే గుహకు అడవిదారి వేరుగా దిగుతుంది. కుర్రాళ్లు ఈ మూడూ తిరిగేలోపు పెద్దవాళ్లు అంబస్తల దగ్గర నీడలో కూర్చోవచ్చు.

లోపమూ చెప్పాలి. పై ఆవరణలో చెప్పులు, టోపీ తీసెయ్యాలి. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ రాతినేల పెనం. మందపాటి సాక్సులు వెంట ఉంటే ప్రాణం నిలబడుతుంది. జూన్‌లో పోసన్ పున్నమికి దేశం నలుమూలల నుంచీ జనం పోటెత్తుతారు. ఆ సందడి చూడాలనే వెళ్తే అద్భుతం, కొండను చూడాలని వెళ్తే ఆ వారం వదిలెయ్యండి.

చిన్న పక్కదారి. మహేంద్రుడి కథ మనకు బొత్తిగా పరాయిది కాదు. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ మీద సింహళ విహారం ఉండేదని అక్కడి శాసనమే చెబుతుంది. కృష్ణ ఒడ్డుకూ ఈ మెట్లకూ మధ్య భిక్షువుల రాకపోకలు నడిచిన కాలం ఒకటుంది.

శ్రీపాద: చరిత్ర దారిలో ఉంది

2,243 మీటర్ల ఎత్తున్న ఈ శిఖరం మీద శిథిలాలేం లేవు. ఒక చిన్న గుడి, బండమీద ఒక పాదముద్ర. బౌద్ధులు బుద్ధుడిదంటారు, శైవులు శివుడిదంటారు, ముస్లింలు, క్రైస్తవులు చాలామంది ఆదాముది అంటారు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1344లో దీన్నెక్కాడు, బండలకు వేలాడే గొలుసులు పట్టుకుని ఎక్కే చోట్ల గురించి రాశాడు. చూడ్డానికి అక్కడేముందని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. వెయ్యేళ్లుగా మనుషులు రాత్రిపూట ఎక్కుతున్న దారి అది, మీరూ ఆ వరసలో ఒకరవుతారు.

కొండ పాదంలోని నల్లతన్ని ఊరి వైపు నుంచి సుమారు 5,500 మెట్లు. అలిపిరి మెట్లు 3,550. పెద్దమ్మకు ఈ రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టి చూపించండి. పైగా ఇక్కడ మెట్లు ఎగుడుదిగుడు, చివర్లో బాగా నిటారు, ఎక్కేది అర్ధరాత్రి దాటాక. మూడు నాలుగు గంటలు పడుతుంది. అసలు పరీక్ష దిగేటప్పుడు మోకాళ్లకు. రత్నపుర వైపు దారి ఇంతకంటే పొడవు, కష్టం. మొదటిసారి వెళ్లే గుంపుకు దాని ఊసే వద్దు.

అయినా సగంలో ఆగే ప్రశ్నకు శ్రీపాద ఇచ్చే జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. డిసెంబర్ పున్నమి నుంచి మేలో వెసాక్ పున్నమి దాకా సాగే యాత్రాకాలంలో దారి పొడవునా దీపాలు, టీ కొట్లు. ఎక్కడ ఓపిక అయిపోతే అక్కడే వేడి టీ, కూర్చోడానికి బల్ల, చుట్టూ మాట్లాడే మనుషులు ఉంటారు. ఆగినవాళ్లు ఒంటరిగా మిగలరు. యాత్రాకాలం కానప్పుడు దీపాలుండవు, కొట్లుండవు, వాన, జలగలు, మబ్బు. పెద్దవాళ్లున్న గుంపుతో ఆ నెలల్లో వెళ్లడం నా లెక్కలో తప్పు.

గుంపుగా నడవడం ఎలాగో నేర్పే సంప్రదాయం కూడా ఇక్కడే ఉంది. సింహళ పల్లెల నుంచి వచ్చే యాత్రికుల బృందానికి ముందు చాలాసార్లు ఎక్కిన పెద్దమనిషి ఒకరు నాయకుడిగా ఉంటాడు. ఆయన్ను నడే గురా అంటారు. ఎప్పుడు ఆగాలి, ఎక్కడ స్నానం చెయ్యాలి అన్నది ఆయన మాటే. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎదురుపడితే దీవెనల పాటలు ఒకరికొకరు అందించుకుంటారు. మన గుంపులో పన్నెండు మందికి పన్నెండు అభిప్రాయాలు ఉంటాయి కాబట్టి, బయల్దేరేముందే ఒకరిని నడే గురాగా ఎన్నుకోవడం మంచిది. అది ఆ పరుగెత్తే కుర్రాడు కాకుండా చూసుకోండి.

పొద్దు పొడిచినప్పుడు కొండ నీడ మబ్బుల మీద నిక్కచ్చి త్రిభుజంలా పడుతుంది. ఎముకలు కొరికే చలి కాబట్టి స్వెట్టర్ తప్పనిసరి. శని, ఆదివారాలు, పున్నమి రోజులు వద్దు. చివరి మెట్ల మీద గంటల తరబడి కదలని వరసలో నిలబడి, సూర్యోదయాన్ని ముందున్నవాళ్ల వీపుల మధ్యలోంచి చూడాల్సొస్తుంది.

జనం తక్కువుండే మూడు

యాపహువ గురించి త్వరగా చెప్పేస్తాను, అది కూడా త్వరగా అయిపోతుంది కాబట్టి. 13వ శతాబ్దంలో మొదటి భువనేకబాహు రాజధాని. బుద్ధుడి దంతధాతువును ఇక్కడే దాచారు, పాండ్యులు దాడి చేసి ఎత్తుకెళ్లారు. కొండ తొంభై మీటర్లుంటుంది. గొప్పదనమంతా కొండవాలు మీది రాతి మెట్లలో, వాటికి అటూ ఇటూ ఉన్న సింహాల్లో, నర్తకుల చెక్కడాల్లో ఉంది. మెట్లు నిటారే కానీ, కిందనుంచి చూస్తేనే వాటి అందం. కొండకొన మీదకి వెళ్తే గాలి, ఓ చిన్న స్తూపపు ఆనవాళ్లు. పైకి వెళ్లనివాళ్లే ఎక్కువ చూసే కొండ ఇదొక్కటే. మహో జంక్షన్ స్టేషన్ దగ్గర్లోనే ఉంది కాబట్టి రైల్లో వెళ్లేవాళ్లకు సుళువు.

రిటిగల అడవిలో ఉంది. లక్ష్మణుడి కోసం సంజీవని మోసుకెళ్తున్న హనుమంతుడి చేతుల్లోంచి ఓ ముక్క ఇక్కడ పడిందని స్థానికులు చెబుతారు. గాల్ దగ్గర రుమస్సల గుట్టకూ ఇదే కథ ఉంది, కాబట్టి ఎక్కడ పడిందని మీ గుంపులో పందెం వేసుకోవచ్చు. చరిత్రగా చూస్తే 9వ శతాబ్దంలో మొదటి సేనుడనే రాజు పాంసుకూలిక భిక్షువులకు కట్టించిన ఆరామం. శ్మశానాల్లో దొరికిన గుడ్డపేలికలే కట్టుకునే వ్రతం వాళ్లది. అందుకే ఇక్కడ విగ్రహాల్లేవు, స్తూపాల్లేవు. చెట్ల మధ్య రాళ్లు పరిచిన పొడవైన బాట, రాతి అరుగులు, పెద్ద కోనేరు ఉన్నాయి. చెక్కడాలు కనిపించేది ఒక్క మూత్రశాలల రాళ్ల మీదే. ఆడంబరపు ఆరామాల మీద భిక్షువుల ఎత్తిపొడుపు అదని పండితుల్లో ఒక అభిప్రాయం. ఇంత ఘాటైన విమర్శ ఏ గ్రంథంలోనూ చదవలేదు నేను.

766 మీటర్ల శిఖరం దాకా మాత్రం వెళ్లలేం, అది కఠిన రక్షిత అరణ్యం. శిథిలాలదాకానే నడక. వాలు తక్కువ, నీడ ఎక్కువ, వెళ్లి రావడానికి రెండు మూడు గంటలు. వాన పడితే జలగలు. కబుర్లాడుతూ నడిచే గుంపుకు ఇది నప్పదు. ఆరుగురికి మించకుండా, మౌనంగా నడవగలిగినవాళ్లు వెళ్తే మనసులో నిలిచిపోతుంది.

మూడోది కొండ కాదు, క్యాండీ దగ్గర పల్లెల మీదుగా నడక. ఎంబెక్క, లంకాతిలక, గడలాదెనియ, మూడు గుళ్లూ 14వ శతాబ్దానివి. ఎంబెక్కలో వాద్యమండపపు కొయ్యస్తంభాల మీద హంసలు, మల్లులు, పిల్లకు పాలిచ్చే తల్లి. అక్కణ్నుంచి పొలాల పక్కగా నడిస్తే బండ మీద లంకాతిలక. ముందువైపు బుద్ధుడు, చుట్టూ దేవతల గదులు, వాటిలో విభీషణుడికి కూడా ఒకటి. రామాయణంలో లంకకు రాజైన మనిషిని లంకలోనే దేవుడిగా చూడటం ఒక వింత అనుభూతి. చివరిది గడలాదెనియ. 1344 నాటి ఈ రాతిగుడిని కట్టిన ప్రధాన శిల్పి గణేశ్వరాచారి దక్షిణ భారతం నుంచి వెళ్లినవాడు. స్తంభాలు చూడగానే ఎక్కడో చూసినట్టుంటుంది.

ఎంబెక్కలో మొదలుపెట్టి గడలాదెనియ మీదుగా పిలిమతలావ దగ్గర పెద్దరోడ్డు చేరితే నడక మొత్తం సగం రోజు. ఎవరికి అలుపొచ్చినా త్రీవీలర్ ఎక్కి తర్వాతి గుడి దగ్గర కూర్చోవచ్చు. మన ఆటోనే, అక్కడ ఆ పేరు. చంటిపిల్లలు, గర్భిణులు, వీల్‌ఛైర్ నుంచి కాస్త లేచి నడవగలిగినవాళ్లు ఉన్న గుంపుకు దీన్ని మించింది లేదు. లంకాతిలక దగ్గర బండలో తొలిచిన మెట్లు మాత్రం జాగ్రత్త, వానలో జారతాయి.

తేయాకు దారి గురించి రెండు మాటలు

పెకో ట్రయల్ అని 300 కిలోమీటర్లకు పైగా, 22 అంచెల నడకదారి ఉంది, క్యాండీ నుంచి తేయాకు కొండల మీదుగా. అంతా నడవక్కర్లేదు, ఒక్క అంచె ఒక్క రోజు. చరిత్ర కావాలంటే గలహ నుంచి లూల్‌కందుర వెళ్లే అంచె. 1867లో జేమ్స్ టేలర్ అక్కడ 19 ఎకరాల్లో వ్యాపారానికి తేయాకు వేశాడు. రెండేళ్లకు కాఫీతోటలను తుప్పు తెగులు పట్టింది, దేశమంతా తేయాకుకు మళ్లింది. ఆ తోటలను మోసింది తమిళనాడు నుంచి తెచ్చిన కూలీలు. వాళ్ల లైన్ ఇళ్లు, అంటే వరసగా కట్టిన కూలీల గదులు, దారిలో కనిపిస్తాయి, కెమెరా ఎత్తేముందు అడగండి. రోజంతా నడవగలిగినవాళ్లకే ఇది. మధ్యలో ఆగితే చుట్టూ అందమే కానీ, వాహనం కోసం చాలాసేపు చూడాలి.

నెల, ఎండ, గైడు

ఏడాది పొడవునా ఆరింటికి అటూ ఇటూగా తెల్లారుతుంది, ఆరింటికి అటూ ఇటూగా చీకటిపడుతుంది. పదింటి తర్వాత మైదానపు కొండల్లో బండ వేడెక్కిపోతుంది. ఆరున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు దిగిపోయేది మంచి ప్లాన్. కొలంబో నుంచి ఒక్కరోజులో సిగిరియా చూపిస్తామనే వ్యాను యాత్రలను నేను ఒప్పుకోనిది ఇందుకే. నాలుగు గంటల ప్రయాణం తర్వాత కొండ కిందకి చేరేసరికి సరిగ్గా మాడే వేళ. ముందురోజు రాత్రి దంబుల్లలోనో హబరణలోనో పడుకోండి. సిగిరియా, రిటిగల చుట్టుపక్కల అడవి ఏనుగులు రోడ్లెక్కుతాయి, చీకట్లో పిదురంగలకు నడిచి వెళ్లకుండా త్రీవీలర్ మాట్లాడుకోండి.

మే నుంచి సెప్టెంబర్ దాకా సిగిరియా, మిహింతలే, రిటిగల వైపు పొడి. అవే నెలల్లో శ్రీపాద వైపు వాన. జనవరి నుంచి మార్చి దాకా శ్రీపాదకు బాగుంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో మధ్యాహ్నం ఉరుములు ఎక్కడైనా రావచ్చు, బోడిబండల మీద ఉండకండి.

గైడు విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. సిగిరియా గేటు దగ్గర వెంటపడేవాళ్లందరూ గైడులు కారు. పర్యాటక శాఖ లైసెన్స్ కార్డు చూపించమనండి. సిగిరియాలో, మిహింతలేలో మంచి గైడు ఉంటే కొండ రెట్టింపవుతుంది. రిటిగల అడవిలో దారి తెలిసినవాళ్లు వెంట ఉండాలి. శ్రీపాదకు యాత్రాకాలంలో గైడు అక్కర్లేదు, జనమే దారి. ఎనిమిదికి మించితే గుంపును రెండుగా చీల్చండి, ఒక్కో సగానికి ఒక పెద్దదిక్కు, కలుసుకునే చోటు ముందే అనుకోవడం. బుద్ధుడి విగ్రహానికి వీపు చూపిస్తూ సెల్ఫీ తీసుకోవడం అక్కడ పెద్ద తప్పు, పిల్లలకు ముందే చెప్పండి. ఒంట్లో బాగాలేకపోతే 1990కి ఫోన్ చెయ్యండి. ఉచిత అంబులెన్స్ సేవ, మొదట్లో భారత ప్రభుత్వ సాయంతో నిలబడింది.

నలుగురు కుర్రాళ్లయితే పిదురంగల, ఓ రోజు పెకో ట్రయల్, యాత్రాకాలమైతే శ్రీపాద. ఇంటిల్లిపాదీ వెళ్తే అనురాధపురంలో దిగి మిహింతలే ఒక పొద్దున, మర్నాడు సిగిరియా గేటు తెరిచే వేళకు, మూడో రోజు విశ్రాంతి, నాలుగో రోజు క్యాండీలో మూడు గుళ్ల నడక. మూడో రోజు ఖాళీగా ఉందని ఆ పరుగెత్తే కుర్రాడు ఇంకో కొండ ఇరికించడానికి చూస్తాడు. తెల్లవారుజామున అతణ్నొక్కణ్నే త్రీవీలర్ ఎక్కించి పిదురంగలకు పంపండి. అతను దిగొచ్చేసరికి మిగతావాళ్లు టిఫిన్ ముగించి తంబిలి అనే నారింజరంగు కొబ్బరిబోండాల నీళ్లు తాగుతూ ఉంటారు.